టోకెన్ బాబాయ్ ఫోను

మా ఆఫీసు ఇంటర్‌కమ్‌లో పంతొమ్మిది నొక్కితే ఎత్తేది ఒక్క మనిషే. అందరూ ఆయన్ని టోకెన్ బాబాయ్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన ఒక క్షణం ఆగి, పిలిచింది తననేనా అన్నట్టు చూసి, అప్పుడు పలుకుతారు.

మాది వంతెనలకూ పెద్ద పెద్ద కట్టడాలకూ బలం లెక్కలు కట్టే ఆఫీసు. మూడు అంతస్తుల్లో ముప్ఫై నాలుగు మంది ఇంజనీర్లం. లెక్కలు కట్టే ప్రోగ్రాం అందరి కంప్యూటర్లలోనూ ఉంది గాని, లైసెన్సులు ఎనిమిదే. అంటే ఒకేసారి ఎనిమిది మందే దాన్ని తెరిచి పనిచేసుకోగలరు. తొమ్మిదో మనిషి తెరవబోతే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి, లైసెన్సు ఖాళీ లేదంటుంది. ఎవరో ఒకరు మూసేస్తే ఆ లైసెన్సు సర్వర్ దగ్గరికి తిరిగి వెళుతుంది. అక్కణ్ణించి ఇంకొకరికి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ రాసుకునే సర్వర్ కింది అంతస్తులో, లిఫ్టు పక్కనున్న కిటికీ లేని గదిలో ఉంటుంది. దాని పక్కన ఒక బల్ల, ఒక ఫోను, బాబాయ్.

పెట్టె కనబడగానే మేం పంతొమ్మిది నొక్కేవాళ్ళం.

"బాబాయ్, ఒకటి కావాలి."

"ఎంతసేపటి పని?"

"గంట."

"నీకు అరగంట చాలు. ఫోన్ పెట్టెయ్, చూస్తా."

అప్పుడాయన తన తెర మీద జాబితా చూసేవారు. ఏ లైసెన్సు ఎవరి దగ్గరుంది, ఆ మనిషి కీబోర్డు ముట్టుకుని ఎంతసేపైంది, అన్నీ అందులో కనబడతాయి. కదలకుండా ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగేవారు.

"వాడుతున్నావా, పట్టుకు కూర్చున్నావా?"

ఆఫీసులో ఈ మాటను అనుకరించనివాళ్ళు లేరు. ప్రింటర్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డవాణ్ణీ, టీ కప్పు చేత్తో పట్టుకుని కబుర్లలో పడ్డవాణ్ణీ ఇదే అడిగేవాళ్ళం. రెండో అంతస్తులో ఒకాయన ఉన్నాడు, అందరికీ బావ. ఎవరికి నిజంగా బావో ఎవరికీ తెలియదు. టైపు చెయ్యడానికి చేతులు ఖాళీగా ఉండాలని బాబాయ్ ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడేవారు కాబట్టి, ఒకరోజు బావతో ఆయన వాదన నేను ఆయన గదిలో ఉండి విన్నాను.

"టీ తాగొచ్చేలోపు లాక్కుంటావా బాబాయ్? బస్సులో కర్చీఫ్ వేస్తే సీటు ఆపుతారు. ఆపాటి మర్యాద కూడా లేదా నీ సర్వర్‌కి?"

"కర్చీఫ్ వేసి నువ్వు టీకి పోలేదు నాయనా, పెళ్ళికి పోయొచ్చావు. యాభై నిమిషాలైంది. దాచుకున్నావా ఫైలు?"

"దాచుకున్నా."

"అయితే వదిలెయ్. పైన కొత్తమ్మాయి ఏడుపు మొహంతో ఉంది."

పైన కొత్తమ్మాయి ఏ మొహంతో ఉందో కింద కిటికీ లేని గదిలోని మనిషికి ఎలా తెలుసని నేనడిగాను. "గొంతుకీ మొహం ఉంటుంది అబ్బాయ్" అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆయన ఈ ఆఫీసులో చేరింది బ్లూప్రింట్ మెషీన్ మీద. అప్పట్లో నక్షాలు అద్దుకోవడానికి అందరూ కాగితాల చుట్టలు చంకన పెట్టుకుని ఆయన గది ముందు వరసలో నిలబడేవాళ్ళట. అమ్మోనియా వాసనకు కళ్ళు మండుతున్నా కబుర్లు మాత్రం ఆపేవాళ్ళు కాదట. ఆ మెషీన్ పోయి కంప్యూటర్లు వచ్చాక ఆయనకు డాంగిళ్ళు అప్పగించారు. వేలెడంత ముక్క. కంప్యూటర్ వెనక గుచ్చితేనే ప్రోగ్రాం తెరుచుకునేది. ఆరు డాంగిళ్ళకు ఆరు రంగుల దారాలు కట్టి, ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని కూర్చునేవారు. కావలసినవాళ్ళు వచ్చి, సంతకం పెట్టి, పట్టుకెళ్ళి, సాయంత్రం తెచ్చిచ్చేవాళ్ళు. టోకెన్ బాబాయ్ అన్న పేరు అప్పుడు పడిందే. తర్వాత లైసెన్సులు నెట్‌వర్కులోకి వచ్చాయి. డాంగిలు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, మెట్లు దిగి రావడమూ అక్కర్లేదు. ఫోన్ చేస్తే చాలు.

ఇదంతా ఆయన చెప్పగా నాకు తెలిసిందే. ఎందుకు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాయాలి. ఎందుకంటే తర్వాత జరిగినదానికి మొదలు అక్కడే.

మా ఆవిడ నర్సు. ఆమె డ్యూటీలు వారానికో రకం. మూడేళ్ళ పాపను సాయంత్రం క్రెష్ నుంచి తెచ్చుకోవడం నా వంతు. క్రెష్ అయిదున్నరకు మూసేస్తారు. ఆ ఏడాది నేను అయిదింటికల్లా బయటపడాలని పొద్దున్నుంచీ గడియారం చూస్తూనే ఉండేవాణ్ణి. ఒకే నెలలో రెండుసార్లు, సరిగ్గా నాలుగున్నరకు లైసెన్సు దొరకలేదు. బాబాయ్ ఒకరికి ఫోన్ చేస్తే వాళ్ళు ఫైలు దాచుకుంటున్నామన్నారు, ఇంకొకరు ఎత్తలేదు. మొదటిసారి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. రెండోసారి నలభై. నేను వెళ్ళేసరికి క్రెష్ తలుపుకు తాళం పడింది. మెట్టు మీద పాప బూట్లేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని కూర్చుని ఉంది. పక్కనే ఆయా నిలబడి ఉంది.

"ఏడవలేదండీ" అంది ఆయా, నన్ను ఊరడించడానికి.

ఏడిచి ఉంటే బాగుండేదనిపించింది. మూడేళ్ళ పిల్ల ఏడవకుండా ఎదురుచూడ్డం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

నేను చదువుకున్నది ఇంజనీరింగు. గుండెలో ఏదైనా గుచ్చుకుంటే దాన్ని కొలిచిగాని ఊరుకోలేను. పాపకు జ్వరమొస్తే గంటగంటకూ గ్రాఫు గీసే రకం నేను. అందుకని లైసెన్సుల్ని కూడా కొలుద్దామనుకున్నాను. సర్వర్ ప్రతి ఇవ్వడాన్నీ ప్రతి తీసుకోవడాన్నీ సెకన్లతో సహా రాసుకుంటుంది. ఆ ఫైళ్ళు కావాలని బాబాయ్‌ని అడిగాను.

"ఎందుకు?"

"చూద్దామని."

"చూడు, చూడు. ఇన్నేళ్ళలో ఎవరూ చూస్తామనలేదు."

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ రోజు ఫైలు కాపీ చేసుకోవడానికి కిందికి వెళ్ళేవాణ్ణి. పాత సర్వర్ కావడంతో కాపీకి పావుగంట పట్టేది. ఆ గదిలో రెండో కుర్చీ ఒకటుంది. మొదటిరోజు దాని నిండా కేబుళ్ళ చుట్టలున్నాయి, నేను నిలబడ్డాను. రెండోరోజుకు కేబుళ్ళు నేల మీదికి చేరాయి. మూడోరోజుకు కుర్చీ తుడిచి ఉంది. మూడు వారాలు ఆ కుర్చీలో కూర్చుని, బ్లూప్రింట్ కాలం నుంచి ఇప్పటిదాకా ఆయన చెప్పినవన్నీ విన్నాను. ఆయనకు పెళ్ళి కాలేదు. అన్నగారి కుటుంబంతో ఉండేవారు, వాళ్ళు పిల్లల చదువుల కోసం వేరే ఊరు వెళ్ళాక ఒక గది తీసుకున్నారు. "ఒంటికాయ శొంఠికొమ్ముని, నాకేం" అని నవ్వారు. ఆ మాట చెబుతుండగానే ఫోను మోగింది. మోగిన ప్రతిసారీ ఆయన వీపు కొంచెం నిటారుగా అయ్యేది. అది కూడా నేను గమనించాను. గమనించి ఎక్కడా రాసుకోలేదు.

రాసుకున్నది ఇంకొకటి. ఎనిమిది లైసెన్సులూ బయటికి వెళ్ళిన సమయంలో నూటికి ముప్ఫై ఒక్క పాళ్ళు, తీసుకున్నవాళ్ళు కీబోర్డు ముట్టుకోవడం లేదు. సర్వర్‌కు రెండు లైన్లు రాస్తే, ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్న లైసెన్సును అది తానే వెనక్కి తీసుకుంటుంది. మనిషి చూడక్కర్లేదు, ఫోన్లు చెయ్యక్కర్లేదు. గ్రాఫు గీసి పెద్దసారుకు చూపించాను. పెద్దసారంటే మా చీఫ్ ఇంజనీరు. ఆయన కాగితాన్ని ఒక్క నిమిషం చూశారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదిది?"

ఆ ప్రశ్న బాబాయ్‌ని అడిగినట్టుగా ఉంది, కాని ఎదురుగా ఉన్నది నేను. కాగితం తీసుకుని వచ్చేశాను.

సాయంత్రం గ్రాఫు కిందికి తీసుకెళ్ళాను. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నువ్వే గీశావా?"

"అవును బాబాయ్."

"గీతలు బాగున్నాయి." కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు. "కదలనివాళ్ళంతా ఖాళీగా కూర్చున్నట్టు కాదు అబ్బాయ్. పెద్ద లెక్క పెట్టి వదిలేసి వెళతారు కొందరు. అది తెల్లార్లూ నడుస్తుంది. సర్వర్‌కి ఆ తేడా తెలియదు."

"వాళ్ళ పేర్లు మినహాయింపులో రాయొచ్చుగా?"

"రాయొచ్చు. ఎవరో నాకు తెలియాలి." మళ్ళీ తెర వైపు తిరిగి, "సరే, మెయిల్ పెడతాలే" అన్నారు.

ఆ రెండు లైన్లూ ఆయనే రాశారు. మర్నాడు అందరికీ పదకొండు లైన్ల మెయిల్ వచ్చింది. మొదటి మూడు లైన్లు చదివి, నాకు తెలిసిందేగా అని మూసేశాను.

లైసెన్సులు దొరకసాగాయి. పెట్టె కనబడినా రెండు మూడు నిమిషాల్లో ఎవరిదో ఒకటి ఖాళీ అయ్యేది. నేను నాలుగు యాభైకి కంప్యూటర్ మూసి, అయిదింటికి మెట్లు దిగి, అయిదూ పదికి క్రెష్ గేటు దగ్గర ఉండేవాణ్ణి. బూట్లేసుకోక ముందే వచ్చేశావేంటని పాప కోపగించుకునేది. ఆ నెలంతా నాకు పండగే.

పంతొమ్మిది నంబరు మోగడం మానేసింది.

అది నాకు టీ దగ్గర బావ చెప్పిన జోకు ద్వారా తెలిసింది. "విన్నారా? నిన్న బాబాయ్ రిసెప్షన్ అమ్మాయికి ఫోన్ చేసి, నాకొకసారి ఫోన్ చెయ్యమ్మా, నా ఫోను పనిచేస్తోందో లేదో చూడాలి అన్నాడట. ఆ పిల్ల చేసిందట. ఎత్తి, ఆఁ మోగుతోంది అని పెట్టేశాడట." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా ఆ తుడిచిన కుర్చీ గుర్తొచ్చి టీ చల్లారిపోయింది.

కిందికి వెళ్ళాను. కుర్చీ మీద కేబుళ్ళు మళ్ళీ చేరాయి. నన్ను చూసి ఆయన గబగబా లేచి వాటిని తీయబోయారు.

"పర్లేదు బాబాయ్, ఊరికే వచ్చాను."

"ఫైళ్ళేమైనా కావాలా?"

"అక్కర్లేదు."

ఇద్దరం తెర వైపు తిరిగాం. జాబితాలో పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. బావ పేరు వెలిగింది, ఇరవై నిమిషాలకు దానంతటదే ఆరింది. మేమిద్దరం అది చూస్తూ ఉన్నాం. "బాగా నడుస్తోంది" అన్నారాయన. అందులో వెటకారం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాతి వారం ఆయన రెండు రోజులు రాలేదు. రాలేదని నాకు శుక్రవారం సాయంత్రం తెలిసింది. అది కూడా గది తలుపు వేసి ఉండడం చూసి. శనివారం మా ఆవిడకు డ్యూటీ. పాపను తీసుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు మీద మేడగది. ఆవిరి వాసన మెట్ల దాకా ఉంది. తలుపు తీసిన మనిషి దుప్పటి కప్పుకుని ఉన్నారు. జ్వరం తగ్గిందన్నారు గాని, నా చెయ్యి నమ్మలేదు.

గదిలో ఒక మంచం, ఒక బల్ల. ఒకటే కుర్చీ. నన్నందులో కూర్చోబెట్టి ఆయన మంచం మీద కూర్చున్నారు. గిన్నెల అరలో ఒక పళ్ళెం, ఒక గ్లాసు. రెండో గ్లాసు ఒకటుంది గాని అందులో పెన్నులున్నాయి. పెన్నులు తీసి, గ్లాసు రెండుసార్లు కడిగి, పాపకు మంచినీళ్ళిచ్చారు.

"ఆఫీసులో ఎవరైనా అడిగారా?"

పాప చేతిలో గ్లాసు సరిచేశాను. "అడిగారు బాబాయ్."

"ఎవరు?"

"బావ."

ఆయన నవ్వారు. అబద్ధాన్ని పట్టుకున్నట్టు కాదు, చిన్నపిల్లాడి అబద్ధాన్ని పోనిచ్చినట్టు. "వాడెందుకడుగుతాడు. వాడికి లైసెన్సు దొరుకుతోందిగా."

పాప ఈలోగా బల్ల కింద స్టీలు డబ్బా కనిపెట్టి మూత తీసేసింది. లోపల ఆరు డాంగిళ్ళు, ఆరు రంగుల దారాలు. నేను వద్దమ్మా అంటుంటే ఆయన ఎర్ర దారంది తీసి దాని చేతిలో పెట్టారు.

"ఇదేం తెరుస్తుంది తాతా?" అని అడిగింది పాప. ఎవరు నేర్పారో ఆ తాతా.

"ఇప్పుడేమీ తెరవదమ్మా. ఒకప్పుడు తెరిచేది. నీ సంచీలో పెట్టుకో."

"సాయంత్రం ఇచ్చెయ్యాలా?"

ఆయన కళ్ళజోడు తీసి దుప్పటి అంచుతో తుడుచుకున్నారు. "అక్కర్లేదు. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకో" అన్నారు.

సోమవారం ఆఫీసుకు వచ్చారు. గురువారం నేను తప్పు చేశాను.

ఒక వంతెన లెక్క శుక్రవారం పదింటికల్లా పంపాలి. ఆఖరి లెక్క ఒక్కటి మిగిలింది, పద్నాలుగు గంటలు నడిచేది. గురువారం నాలుగు యాభై ఐదుకు దాన్ని మొదలుపెట్టి, తెర ఆర్పి, ‘లెక్క నడుస్తోంది, ముట్టుకోవద్దు’ అని ఒక కాగితం అతికించాను. మా ఆఫీసులో అందరూ చేసేది అదే. వెనకటి రోజుల్లో అయితే, కాగితం అతికించాక బాబాయ్‌కి ఒక ఫోన్ కొట్టేవాళ్ళం, తెల్లారేదాకా నాది తీసుకోకు బాబాయ్ అని. ఇప్పుడు ఫోన్లు లేవు కదా. కాగితం అతికించి పాప కోసం పరుగెత్తాను. ఆ కాగితాన్ని మనుషులు చదువుతారు. సర్వర్ చదవదు.

పొద్దున వచ్చి తెర వెలిగించేసరికి మధ్యలో చిన్న పెట్టె. అయిదుంబావుకు లైసెన్సు వెనక్కి వెళ్ళిపోయింది. లెక్క ఇరవయ్యో నిమిషంలో చచ్చిపోయింది. నేను ఆ సమయానికి క్రెష్ నుంచి బయటికొచ్చి పాపకు బిస్కట్ పొట్లం విప్పుతున్నాను.

అప్పుడు వెతికి ఆ పదకొండు లైన్ల మెయిల్ మళ్ళీ తెరిచాను. చివరి లైను ఇది: ‘రాత్రంతా నడిచే లెక్క పెట్టేవారు వెళ్ళేముందు 19కి ఒక్క ఫోను చెయ్యండి, మీ పేరు మినహాయింపులో రాస్తాను.’ ఆయన తన కోసం అట్టిపెట్టుకున్నది ఆ ఒక్క లైనే. ముప్ఫై నాలుగు మందిలో ఎవరమూ అంతదాకా చదవలేదు. అయిదు వారాలుగా అంత పెద్ద లెక్క ఎవరికీ పడలేదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతే.

పదకొండింటికి పెద్దసారు గదికి బాబాయ్‌నీ నన్నూ పిలిచారు. వంతెనవాళ్ళు సోమవారం దాకా ఆగుతామన్నారు గాని, ఆగుతామని చెప్పిన గొంతు బాగాలేదట.

"సర్వర్ చూసుకునే మనిషికి ఉన్నది ఒకటే పని" అన్నారు పెద్దసారు, బాబాయ్ వైపు చూస్తూ. "అది కూడా చూసుకోకపోతే ఎలాగండీ?"

నేను మాట్లాడాలి. మాట్లాడాల్సింది నేనే. రెండు లైన్ల ఆలోచన నాది, గ్రాఫు నాది, చదవని మెయిల్ నాది, ఫోను చెయ్యకుండా వెళ్ళిపోయిన కాళ్ళు నావి. నోరు తెరిచేలోగా ఈ ఉద్యోగం, ఇంటద్దె, పాప, మా ఆవిడ డ్యూటీ చార్టు వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఆ కాస్త సేపట్లో బాబాయ్ మాట్లాడేశారు.

"పొరపాటు నాదే సార్. అయిదు వారాలుగా ఆ మినహాయింపులో ఒక్క పేరూ పడలేదు. నాకు అనుమానం రావాల్సింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాల్సింది."

"మరెందుకు అడగలేదు?"

"ఫోన్లు చేసి విసిగించొద్దనే కదండీ ఇదంతా పెట్టింది."

అప్పుడు మాట పెగిలింది నాకు. "సార్, తప్పు నాది. ఆ మెయిల్ నేను చివరిదాకా చదవలేదు. ఆయన రాశారు."

"ఎవరి తప్పని కాదయ్యా ఇప్పుడు." పెద్దసారు అప్పటికే పుస్తకం మూసేశారు. "మనుషులు గుర్తుంచుకోవాల్సిన పని లేకుండా చెయ్యి. కంప్యూటర్‌లో ఒక పేజీ పెట్టు. పెద్ద లెక్క ఉన్నవాడు పేరు కొట్టి బటన్ నొక్కుతాడు, సర్వర్ దాని జోలికి పోదు. రెండు రోజులు చాలవా నీకు?"

"చాలు సార్" అన్నాను.

నిజంగానే చాలు. అడిగింది లెక్క, చెప్పింది జవాబు. ఆ ఒక్క మాటతో కింది గదిలో మనిషి అవసరం తీరిపోయిందని, అన్నాకగాని అర్థం కాలేదు. బాబాయ్ మాత్రం అనకముందే అర్థం చేసుకున్నట్టున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ మీద వంతెన ఫోటో చూస్తున్నారు.

ఊరికి అవతలి చివర మా కంపెనీకి పాత నక్షాలు దాచే గోడౌను ఒకటుంది. ఆయన్ని అక్కడికి మార్చారు. మర్నాడు నేను పెద్దసారు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. బాబాయ్ ఫోన్లు చేసినన్నాళ్ళూ ఒక్క లెక్క కూడా మధ్యలో పోలేదని అంకెలు చూపించాను. పేజీ పెట్టాక కూడా పోవుగా అన్నారు పెద్దసారు. అదీ నిజమే. బాబాయ్‌ని ఏ గడిలో రాస్తే లెక్కలోకి వస్తారో నాకు తెలియలేదు. "ఆయనకేం, అక్కడ హాయిగా ఉంటుంది. విసిగించేవాళ్ళుండరు" అన్నారు పెద్దసారు, మంచి మనసుతోనే.

వెళ్ళేముందు బాబాయ్ ఒకే ఒక్కటి అడిగారు. నంబరు మార్చవద్దని. గోడౌనుకూ మాకూ ఒకటే నెట్‌వర్కు, నంబరు ఎక్కడికైనా వెళుతుంది. పంతొమ్మిది ఆయనతో వెళ్ళింది.

మొదటి సోమవారం నాలుగు యాభైకి ప్రోగ్రాం మూసి, ఆ నంబరు నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"బాబాయ్, వదిలేస్తున్నాను."

అటువైపు ఏదో కాగితాల చుట్ట బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "సరే, తీసుకున్నా" అన్నారు.

అక్కడ సర్వర్ లేదు, జాబితా లేదు. ఆయన తీసుకునేదీ లేదు, నేనిచ్చేదీ లేదు. అయినా రోజూ అదే మాట, అదే జవాబు. కొన్నాళ్ళకు మధ్యలో ఇంకో రెండు మాటలు చేరాయి. పాప దగ్గు తగ్గిందా. అక్కడ పైకప్పు కారుతోందా. నా మాట విని కొత్తమ్మాయి కూడా ఒకటి రెండుసార్లు చేసిందట. బావను చెయ్యమన్నాను. "ఏమని చెయ్యను? ఏం కావాలని అడగను?" అన్నాడు. వాడి ప్రశ్నలో తప్పేం లేదు.

నేనూ రోజూ చేశానని చెప్పలేను. పాపకు జ్వరమొచ్చిన వారం మొత్తం మర్చిపోయాను. తర్వాత మొహం చెల్లక ఇంకో వారం చెయ్యలేదు. ఆ రెండో వారంలోనే ఒక సాయంత్రం, లెక్క ఎంతకీ తేలడం లేదు. ఒక అంకె మారిస్తే ఇంకొకటి వంకరపోతోంది. టైము చూడ్డం మానేసి చాలాసేపైంది. బల్ల మీద ఫోను మోగింది. చిన్న తెర మీద పంతొమ్మిది.

"వాడుతున్నావా, పట్టుకు కూర్చున్నావా?"

"వాడుతున్నా బాబాయ్. ఇంకో పది నిమిషాలు."

"అయిదూ పది అయింది. పాపో?"

గడియారం చూశాను. అయిదూ పదకొండు. ఆయన దగ్గర నా పేరు వెలిగే తెర ఏదీ లేదు. నేనింకా కూర్చున్నానో వెళ్ళిపోయానో అక్కడికి కనబడే దారి లేదు. ఇన్నిరోజులూ ఆ సమయానికి ఫోను వైపు చూస్తూనే ఉన్నారన్నమాట. ఆయన వెనక గోడౌను రేకుల మీద వాన పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఇంకే చప్పుడూ లేదు.

"దాచుకున్నావా ఫైలు?"

"దాచుకున్నా."

"అయితే వదిలెయ్."

ప్రోగ్రాం మూసేశాను. "వదిలేశాను బాబాయ్."

"సరే, తీసుకున్నా" అన్నారు. కాని ఫోను పెట్టలేదు. నేను సంచీ సర్దుకుంటూ, రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కుర్చీ లోపలికి తోసేదాకా ఆ వాన చప్పుడు వింటూనే ఉన్నాను.